నాన్న వీలునామా రాయలేదు, అన్నయ్య హక్కు విడుదల మీద సంతకం పెట్టమంటున్నాడు

మల్లెపందిరి | 7 సెప్టెంబర్ 2025, రాత్రి 9:40

నిన్న నిమజ్జనం హడావుడి అయ్యాక రాత్రి పదకొండింటికి అన్నయ్య వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపాడు. కింద ఒకే ముక్క: "బుధవారం పదిన్నరకు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రా, ఆధార్ మర్చిపోకు." తెరిచి చూస్తే హక్కు విడుదల దస్తావేజు. నేనూ అక్కా నాన్న ఇంట్లో మాకున్న హక్కును "ప్రేమాభిమానాలతో" అన్నయ్యకు వదిలేసుకుంటున్నట్టు రాసి ఉంది.

సంగతి ఇదీ. నాన్న 2019 ఏప్రిల్‌లో గుండెపోటుతో పోయారు. వీలునామా లేదు. వనస్థలిపురంలో 200 గజాల ఇల్లు ఉంది, 1994లో నాన్న లోను పెట్టి తన జీతంతో కొన్నది. నల్లగొండ దగ్గర ఊళ్లో రెండెకరాల పొలం, అది తాత నుంచి వచ్చింది. బ్యాంకులో ఒక ఎఫ్‌డీ, దానికి అమ్మ నామినీ. మేం ముగ్గురం: అక్క, అన్నయ్య, నేను. అమ్మ అన్నయ్య దగ్గరే ఉంటుంది.

నాన్న పోయిన ఏడాదికే ఇంటి పన్ను, కరెంటు మీటరు అన్నయ్య పేరు మీదికి మారిపోయాయి. మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. తర్వాత పైన ఒక అంతస్తు వేశాడు, తన డబ్బుతోనే. ఇప్పుడు ఒక బిల్డరు పక్క ప్లాటుతో కలిపి అపార్ట్‌మెంట్ కడతానంటున్నాడట. అందుకే మా సంతకాలు. ఒక్కొక్కరికి ఐదు లక్షలిస్తాడట.

అక్క పెట్టేస్తానంటోంది. "మనకు పెళ్లిళ్లు చేసిన్రు, ఇంకేం గావాలె" అంటుంది. నా పెళ్లికి 2008లో ఆరు లక్షలు, పదిహేను తులాలు పెట్టిన మాట నిజమే.

ఆరేళ్లు గమ్మున ఉండి ఇప్పుడు అడగొచ్చా? పన్ను తన పేరు మీద ఉంది కాబట్టి ఇల్లు తనదైపోయినట్టేనా? సొంత అన్న మీద కోర్టుకెక్కకుండా దారి ఏమైనా ఉందా?

కాఫీ డికాషన్ | 7 సెప్టెంబర్, 9:52

సంతకం పెట్టకండి. మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం.

బోడుప్పల్ బాబాయ్ | 7 సెప్టెంబర్, 10:15

నా మాట చేదుగా ఉంటుంది, ఏమనుకోకమ్మా. ఆరేళ్లుగా తల్లిని చూసుకుంటున్నది ఎవరు? మీ అన్న. నాన్న ఉన్నప్పుడు ఆసుపత్రులు తిప్పింది ఎవరు? మీరు పండక్కి వచ్చి చీర పెట్టించుకుని పోయారు. ఇప్పుడు బిల్డరు అనగానే వాటా గుర్తొచ్చిందా? పుట్టింటి గడప ఒకసారి తెగితే మళ్లీ అతకదు.

రెండు జడల సీత | 7 సెప్టెంబర్, 10:31

బాబాయ్ గారూ, తల్లిని చూసుకున్నందుకు కూలీ కావాలంటే కూలీ అడగమనండి, కూర్చుని లెక్క కడదాం. నెలకెంత, మందులకెంత, అన్నీ రాసుకుందాం. అంతేగానీ "ప్రేమాభిమానాలతో వదులుకుంటున్నాం" అని ఆమె చేత రాయించడమెందుకు? ప్రేమ ఆమెది, అభిమానం ఆమెది, ఇల్లు మాత్రం ఆయనదా!

గడప తెగేది ఆడపిల్ల అడిగినప్పుడేనా? మగపిల్లాడు అడక్కుండా పన్ను పేరు మార్చుకున్నప్పుడు తెగదా?

నల్లకోటు ఎల్బీనగర్ | 7 సెప్టెంబర్, 11:20

రంగారెడ్డి జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. మీ కాగితాలు చూడకుండా రాస్తున్నాను కాబట్టి దీన్ని మాటగానే తీసుకోండి.

ఇల్లు మీ నాన్న సొంతార్జితం. వీలునామా లేకుండా పోయారు. హిందూ వారసత్వ చట్టం 1956, సెక్షన్ 8 ప్రకారం అది మొదటి తరగతి వారసులకు వెళుతుంది: భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి. తలా ఒక సమాన వాటా. కూతురికి పెళ్లయిందా, కట్నం ఇచ్చారా అన్నది ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. "2005లో కదా ఆడపిల్లలకు హక్కొచ్చింది" అని చాలామంది అంటారు. అది ఉమ్మడి కుటుంబ ఆస్తి సంగతి. తండ్రి సొంతంగా సంపాదించుకున్నదాంట్లో కూతురికి సమాన వాటా 1956 నుంచే ఉంది. ఒక్క అడ్డంకి ఉండేది: ఇంట్లో మగవాళ్లు కాపురముంటే, వాళ్లు పంచుకునేదాకా కూతురు ఆ ఇంటి విభజన అడగకూడదనే సెక్షన్ 23. దాన్ని 2005లో తీసేశారు.

ఇంటి పన్ను ఎవరి పేరు మీద ఉందన్నది జీహెచ్ఎంసీ బిల్లు ఎవరికి పంపాలన్న సంగతి. దానితో యాజమాన్యం మారదు. కరెంటు మీటరూ అంతే.

ఆరేళ్లు ఆలస్యం కాదు. ఉమ్మడి ఆస్తిలో ఒక వారసుడు కాపురముంటే అందరి తరఫున ఉన్నట్టే లెక్క. "నీకు వాటా లేదు పో" అని తెగేసి చెప్పి బయటపెట్టిన సంగతి మీకు తెలిసిన రోజు నుంచి పన్నెండేళ్ల గడువు నడుస్తుంది. మీ అన్న మీ సంతకం అడిగాడంటే మీకు హక్కుందని ఒప్పుకున్నట్టే. ఆ వాట్సాప్ మెసేజీ, పీడీఎఫ్ జాగ్రత్త. ఫోన్ మార్చేటప్పుడు పోగొట్టుకోకండి.

కానీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒకసారి సంతకం పెట్టాక కథ తిరగబడుతుంది. మోసం చేసి పెట్టించుకున్నారని మీరే రుజువు చేయాలి, దాని రద్దుకు గడువు మూడేళ్లే.

పై అంతస్తు ఆయన సొంత డబ్బుతో వేసుకున్నాడు కాబట్టి, పంపకాల్లో వీలైనంతవరకు ఆ భాగం తనకే వచ్చేలా సర్దమని అడుగుతాడు. కోర్టులు సాధారణంగా దాన్ని గౌరవిస్తాయి. దానికి మీరు అభ్యంతరపడకండి, న్యాయమే. ఎఫ్‌డీకి అమ్మ నామినీ అన్నారు. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి. అది వారసులందరిదీ.

మల్లెపందిరి | 8 సెప్టెంబర్, ఉదయం 6:50

రాత్రి నిద్ర పట్టలేదు. బాబాయ్ గారూ, మీరన్నదాంట్లో సగం నిజం. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను పూణేలో ఉన్నాను, రాలేకపోయాను. ఆ సంగతి నన్ను తినని రోజు లేదు. కానీ అన్నయ్య అది ఎప్పుడూ అనలేదు. "ఆడబిడ్డలకు పాలు ఎక్కడిది" అన్నాడు. అదీ నాకు గుచ్చుకున్నది.

ఉస్మానియా బిస్కెట్ | 8 సెప్టెంబర్, 8:05

మా పెద్దమ్మ పెళ్లి 1984లో అయింది. ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు హక్కునిచ్చిన చట్టంలో గీత 1985 సెప్టెంబర్ 5. అంతకుముందు పెళ్లయిన వాళ్లకు లేదు. మా పిన్ని పెళ్లి 1987. ఒకే తల్లి పిల్లలు, ఒకరికి పాలుంది, ఒకరికి లేదు. ఇరవై ఏళ్లు ఇద్దరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. కేంద్రం 2005లో తెచ్చిన సవరణలో పెళ్లి షరతు లేదు గానీ, అప్పటికి మా మామయ్యలు రిజిస్టర్ చేసుకుని పంచేసుకున్నారు.

నల్లకోటు ఎల్బీనగర్ | 8 సెప్టెంబర్, 8:40

2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరైన పంపకాలను కదపరు, అవును. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇంకో చిక్కు విప్పింది: 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదు, కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుంది అని.

మల్లెపందిరి గారి పొలానికి ఈ లెక్క పట్టొచ్చు, పట్టకపోవచ్చు. తాత దాన్ని తన తండ్రి నుంచి తెచ్చుకున్నాడా, తనే కొన్నాడా అన్నది తేలాలి. తాత కొన్నదైతే మీ నాన్నకు వారసత్వంగా వచ్చిన సొంత ఆస్తి కిందే లెక్క. పాత పహాణీలు (ఏ పొలం ఎవరిదో ఏటా రాసే రెవెన్యూ రికార్డులు) తియ్యాలి.

పట్టా పుస్తకం | 8 సెప్టెంబర్, 9:30

అక్కా, పొలం ఇడిసిపెట్టకు. ఇంటి మీదనే అందరి కన్ను ఉంటది, పొలం చాటుంగ పోతది. మా ఊర్ల ధరణి, గదే సర్కారు భూముల పోర్టల్, వచ్చినంక, అంటే 2020 అక్టోబర్ 29 తర్వాత, వారసులందరం ఒప్పుకున్నమని కాయితం పెట్టి స్లాట్ బుక్ జేస్తే విరాసత్ (వారసుల పేరు మీదికి పట్టా మార్చుడు) అయిపోయేది. ఎవల్ని వదిలేసిన్రో ఊరికొచ్చి అడిగెటోడు లేకుండె. మొన్న ఏప్రిల్ 14న దాని జాగల భూభారతి వచ్చింది. ఇప్పుడు విరాసత్ అంటే తహసీల్దార్ నోటీసులిచ్చి విచారణ జెయ్యాలె. నీ పొలం ఇంకా మీ నాయిన పేరు మీదనే ఉన్నదా, మారిందా? సర్వే నంబరు కొట్టి పొద్దుగాలనే చూస్కో.

మల్లెపందిరి | 8 సెప్టెంబర్, 1:10

చూశాను. 2021లోనే అన్నయ్య పేరు మీదికి వెళ్లిపోయింది. అన్నం సహించడం లేదు.

దస్తావేజు తాత | 8 సెప్టెంబర్, 4:25

ముప్పై రెండేళ్లు దస్తావేజులు రాసి మానేశాను. ఏ ఆఫీసు బయట అన్నది వద్దులే. మీ అన్న పంపినటువంటివి నా చేత్తో వందల మీద రాసుంటాను. బుధవారం మీకు ఏం జరుగుతుందో చెప్తాను వినండి.

ఆడబిడ్డలు పొద్దున బస్సు దిగి తిన్నగా ఆఫీసుకొస్తారు. అన్న ఎదురొచ్చి ఇడ్లీ, వడ తినిపిస్తాడు. వదిన చేతిలో కవరుంటుంది, అందులో చీర. పదిన్నర అన్నది పన్నెండవుతుంది. పేరు పిలవగానే లోపల కెమెరా ముందు కూర్చోబెట్టి ఫొటో తీస్తారు. తర్వాత వేలిముద్ర మిషను. గిన్నెలు తోమి తోమి వేళ్లు అరిగిపోయినవాళ్లకు ముద్ర పడదు. తడి గుడ్డతో తుడిచి మళ్లీ, మళ్లీ నొక్కిస్తారు. ఆ తిప్పలో అసలు కాగితంలో ఏముందన్నది వెనక్కి పోతుంది. "చదివారా అమ్మా?" అని సారు అడిగితే "కళ్లద్దాలు తేలేదయ్యా, అన్న చదివిండు" అంటారు. నేను చదివి వినిపించబోతే అన్న గడియారం చూసుకునేవాడు. అయిపోయాక మెట్ల మీద చీర చేతికొస్తుంది. కొందరు అక్కడే కవరు తెరిచి అంచు చూసుకునేవాళ్లు.

నాది తప్పు పని అనను, అడిగింది రాశాను. కానీ నిద్ర పట్టని రాత్రులు నాకూ ఉన్నాయి.

ఇప్పుడు పని మాట. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తియ్యండి, 1994 నుంచి నేటిదాకా. ఆన్‌లైన్‌లో 1983 నుంచి లావాదేవీలు దొరుకుతాయి. మీ నాన్న బతికుండగా మీ అన్న పేరున దాన సెటిల్‌మెంట్ ఏదైనా చేశారా, ఇల్లు తాకట్టులో ఉందా అన్నది అందులో బయటపడుతుంది. దానం చేసి ఉంటే వారసత్వం మాటే లేదు, మనమందరం ఇక్కడ గొంతులు చించుకోవడం దండగ.

ఇంకోటి. మీ నాన్న పోయిన రోజుకు ఆయన తల్లి బతికి ఉందా?

మల్లెపందిరి | 8 సెప్టెంబర్, 9:15

ఈసీ వచ్చింది. 1994 నాటి కొనుగోలు, 2006లో బ్యాంకు తాకట్టు విడుదల. ఇంకేం లేవు.

నానమ్మ ఉంది తాతగారూ. ముందు గదిలో నవారు మంచం మీద పడుకుని ఉండేది. చూపు ఆనేది కాదు. నాన్నను తెచ్చి పడుకోబెట్టినప్పుడు చేత్తో మొహం తడిమి "మనోడేనా" అని అడిగింది. 2021 ఫిబ్రవరిలో పోయింది. ఎందుకడిగారు?

దస్తావేజు తాత | 8 సెప్టెంబర్, 9:22

వకీలు గారూ, అందుకోండి.

నల్లకోటు ఎల్బీనగర్ | 8 సెప్టెంబర్, 10:50

తాతగారికి దండం. నేను మొదటి పోస్టులో "తల్లి" అని రాసి కూడా ఆ ప్రశ్న అడగలేదు.

కొడుకు పోతే తల్లి మొదటి తరగతి వారసురాలు. (తండ్రి కాడు, ఆయన రెండో తరగతి. ఇది చెప్తే చాలామంది నమ్మరు.) కాబట్టి 2019 ఏప్రిల్‌లో ఆ ఇల్లు నాలుగు వాటాలు కాలేదు, ఐదయింది: అమ్మ, అన్న, అక్క, మీరు, నానమ్మ. తలా 1/5.

2021లో నానమ్మ పోయారు. ఆవిడా ఏమీ రాసి ఉండరనుకుంటాను. ఆడవారి ఆస్తికి సెక్షన్ 15. ఆవిడ 1/5 వాటా ఆవిడ పిల్లలకు పోతుంది, ముందే పోయిన కొడుకు భాగం ఆ కొడుకు పిల్లలకు. మీ నాన్న కాక ఆవిడకు ఇంకెవరు?

మల్లెపందిరి | 8 సెప్టెంబర్, 10:58

బాబాయి ఒకరు, మేనత్త ఒకరు. తాత ఎప్పుడో పోయాడు. అత్తమ్మ మిర్యాలగూడలో ఉంటుంది.

నల్లకోటు ఎల్బీనగర్ | 8 సెప్టెంబర్, 11:30

అయితే ఇల్లు మొత్తాన్ని 45 పాళ్లు అనుకోండి. నానమ్మవి 9. అందులో బాబాయికి 3, మేనత్తకు 3, మీ నాన్న వైపు 3. ఆ మూడు మీ ముగ్గురికీ తలా ఒకటి. మీ అమ్మకు ఇందులో రాదు, ఈ సెక్షన్‌లో చనిపోయిన కొడుకు పిల్లలున్నారు గానీ భార్య లేదు.

చివరికి అమ్మ 9, అన్న 10, అక్క 10, మీరు 10, బాబాయి 3, మేనత్త 3. కూడి చూసుకోండి.

మీ అన్న మీసేవలో తీసిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో నానమ్మ పేరు ఉండి ఉండదని నా అనుమానం. అందుకే ఆ పీడీఎఫ్‌లో మీరు, అక్క మాత్రమే ఉన్నారు. మీరిద్దరూ బుధవారం సంతకాలు పెట్టినా ఆ ఇంటికి టైటిల్ పూర్తికాదు. బిల్డరు తరఫు వకీలు బుద్ధిగా చూస్తే ఫ్యామిలీ ట్రీ అడుగుతాడు, అక్కడ బండి ఆగుతుంది.

మీరు విభజన దావా వేసినా బాబాయిని, మేనత్తను చేర్చి తీరాలి. అవసరమైన పక్షాన్ని వదిలేశారని ఏళ్ల తర్వాత అవతలివాళ్లు అభ్యంతరం లేవనెత్తిన దావాలు చాలా చూశాను. పొలం, ఇల్లు, ఎఫ్‌డీ అన్నీ ఒకే దావాలో పెట్టండి. ఆస్తులు రెండు జిల్లాల్లో ఉన్నా ఏదో ఒక చోట వేయొచ్చు. మీరు ఉమ్మడి స్వాధీనంలో ఉన్నట్టే లెక్కయితే కోర్టు ఫీజు స్థిరంగా కొద్ది మొత్తమే. పూర్తిగా వెళ్లగొట్టేశారంటే మీ వాటా మార్కెట్ విలువ మీద కట్టాల్సి వస్తుంది. కాబట్టి దావాలో "నన్ను గెంటేశారు" అని ఆవేశపడి రాయించకండి, ఆ ఒక్క వాక్యం లక్షల్లో పడుతుంది.

కాఫీ డికాషన్ | 8 సెప్టెంబర్, 11:41

45 పాళ్లు! నేను మూడు సార్లు కూడాను. సరిపోయింది.

బోడుప్పల్ బాబాయ్ | 9 సెప్టెంబర్, 7:10

సరే, చట్టం మీ వైపే ఉంది. ఒకటి చెప్పండి వకీలు గారూ. తల్లి తన 9 పాళ్లూ కొడుక్కే రాసిస్తే ఆపగలరా?

నల్లకోటు ఎల్బీనగర్ | 9 సెప్టెంబర్, 7:45

ఆపలేరు. అది ఆవిడ సంపూర్ణ హక్కు. అప్పుడు కొడుక్కి 19. ఆరేళ్లు చూసుకున్న కొడుక్కి తల్లి ఇచ్చుకుంటే అందులో తప్పూ లేదు. మీరు మొదట అన్న న్యాయం ఆ దారిన జరుగుతుంది బాబాయ్ గారూ, కూతుళ్ల పాళ్లలోంచి కాదు.

టోలీచౌకీ పతంగి | 9 సెప్టెంబర్, 11:00

మధ్యలో వస్తున్నందుకు మాఫ్ చేయండి. ఇదంతా హిందూ కుటుంబాలకు. మా దగ్గర షరియత్ లెక్క. పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, కూతురికి కొడుకు వాటాలో సగం. తల్లి బతికుంటే ఆమెకు ఆరో వంతు. వీలునామా మూడో వంతుకు మించి చెల్లదు. ఇంత కచ్చితంగా రాసి ఉన్నా మా అక్కలకు మాత్రం అందింది చీరకు బదులు సల్వార్ సూటు, అంతే తేడా.

కవాడిగూడ కొబ్బరిచెట్టు | 9 సెప్టెంబర్, 3:30

దావా వేసే ఆలోచన ఉంటే నా గోడు విని వెయ్యండి. మేం ఇద్దరక్కచెల్లెళ్లం, ఒక తమ్ముడు. దావా వేసిన రెండో వాయిదాకే తమ్ముడు వీలునామా తెచ్చాడు. తెల్లకాగితం మీద. నాన్న అంతకుముందు ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. స్టాంపు లేకపోయినా, రిజిస్టర్ చేయకపోయినా చెల్లుతుందని వకీలు చెప్తే కాళ్లు చల్లబడ్డాయి.

ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయి. ఒకాయన అప్పటికే పోయాడు. రెండో ఆయన బోనెక్కి "ఇంట్లోనే, సాయంత్రం పూట, నా ముందే రాశాడు" అన్నాడు. కాగితం మీది తేదీ నాడు నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు. డిశ్చార్జి కాగితం మా అక్క పాత బియ్యం డబ్బాలో దాచింది, ఎందుకు దాచిందో ఆమెకే తెలియదు. కేసు అక్కడ తిరిగింది.

తిరగడానికి పట్టింది ఆరేళ్లు. ప్రాథమిక డిక్రీ వచ్చింది, అంటే ఎవరికి ఎంత అన్నది తేలింది. ఎవరికి ఏ గది అన్నది తేలాలంటే తుది డిక్రీ. అడ్వొకేట్ కమిషనర్ టేపు పట్టుకుని వచ్చి వంటిల్లు కూడా కొలిచాడు. మా అమ్మ గోడకానుకుని చూస్తూ నిలబడింది. గెలిచానా అంటే గెలిచాను.

రెండు జడల సీత | 9 సెప్టెంబర్, 4:02

ఆ బియ్యం డబ్బాకు హారతివ్వాలి.

నల్లకోటు ఎల్బీనగర్ | 9 సెప్టెంబర్, 9:00

కొబ్బరిచెట్టు గారిది చదివి భయపడొద్దు, అలాగని తేలిగ్గానూ తీసుకోవద్దు. మల్లెపందిరి గారూ, వరస ఇలా పెట్టుకోండి. బుధవారం వెళ్లకండి. వకీలు ద్వారా అన్నకు నోటీసు, కాపీ బిల్డరుకు. సబ్‌రిజిస్ట్రారుకు ఊరికే ఉత్తరం పెడితే రిజిస్ట్రేషన్ ఆగిపోదు, దానికి కోర్టు ఉత్తర్వు కావాలి. దావా పడ్డాక ఎవరు కొన్నా ఆ దావా ఫలితానికి లోబడాల్సిందే కాబట్టి బిల్డర్లు అటు పోరు.

అన్నింటికంటే ముందు న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. దావా వేయకముందే ఇరువైపులనూ పిలిచి కూర్చోబెడతారు. ఆడవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. అక్కడ రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు అయితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు.

మల్లెపందిరి | 10 సెప్టెంబర్, రాత్రి 10:20

వెళ్లలేదు. ఉదయం నుంచి పద్నాలుగు మిస్డ్ కాల్స్. అక్క వెళ్లింది, నేను రాలేదని వాళ్లూ వెనక్కి వచ్చేశారట. సాయంత్రం అమ్మ ఫోన్: "నాన్న పక్షాలు నడుస్తున్నయి, గిప్పుడా పంచాయితీ?"

ఏం చెప్పాలో తెలియక "తిన్నావా అమ్మా" అన్నాను.

మల్లెపందిరి | 22 సెప్టెంబర్, ఉదయం 7:15

ఈసారి బతుకమ్మకు పిలుపు రాలేదు. నిన్న పెత్రమాస కదా, పిలవకుండానే వెళ్లాను.

నేను వెళ్లేసరికి అన్నయ్య వరండాలో పీట మీద కూర్చుని అయ్యగారికి బియ్యం ఇస్తున్నాడు. విస్తట్లో బియ్యం, పప్పు, చింతపండు, సొరకాయ ముక్క. అయ్యగారు పేర్లు చెప్పమన్నారు. తాత పేరు చెప్పాడు. నాన్న పేరు చెప్పాడు. తర్వాత నానమ్మ పేరు. అయ్యగారు వినపడక మళ్లీ అడిగితే గట్టిగా, గోత్రంతో సహా చెప్పాడు.

అయ్యగారు వెళ్లేదాకా ఆగి, ఫోన్లో మీసేవ ధ్రువపత్రం చూపించాను (అక్క దగ్గర కాపీ దొరికింది). నలుగురి పేర్లున్నాయి. "నానమ్మ పేరు ఇందులో ఏది అన్నయ్యా?" అన్నాను. చాలాసేపు దాన్నే చూశాడు. "ముసల్దానికి ఏం పనికొస్తదని రాయలే" అన్నాడు. కావాలని చేసింది కాదనిపించింది. ఆవిడ గుర్తుకే రాలేదు. రెండేళ్లు అదే ఇంట్లో, ఆ ముందు గదిలోనే ఉంది.

45 పాళ్ల లెక్క కాగితం మీద రాసి ఇచ్చాను. అమ్మ వాటా తనకే ఇస్తానంటే నేను అడ్డం రానని, పైఅంతస్తు తనకే ఉంచమని కూడా చెప్పాను. వదిన లోపలికి పోయింది. అమ్మ అన్నం పెట్టింది. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేర్చి వచ్చాను, గునుగు పువ్వు ఈసారి సరిగ్గా దొరకలేదు.

బోడుప్పల్ బాబాయ్ | 22 సెప్టెంబర్, 8:00

పిలవకపోయినా వెళ్లావు చూడు, అది నచ్చింది.

పట్టా పుస్తకం | 22 సెప్టెంబర్, 9:12

పొలం సంగతి మాట్లాడినవా అక్కా?

మల్లెపందిరి | 22 సెప్టెంబర్, 9:20

లేదు. ఒక రోజుకు అంతే చేతనయింది. నోటీసులో మాత్రం పొలం కూడా రాయిస్తున్నాను. 1970ల నాటి పహాణీలకు అర్జీ పెట్టాను.

మల్లెపందిరి | 9 నవంబర్, సాయంత్రం 5:30

చాలామంది ఇన్‌బాక్సులో అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. నోటీసు అందాక అన్నయ్య పది రోజులు మాట్లాడలేదు. తర్వాత తనే ఫోన్ చేశాడు. వకీలు గారు అన్నట్టే, బిల్డరు తరఫువాళ్లు ఫ్యామిలీ ట్రీ, నానమ్మ మరణ ధ్రువపత్రం అడిగారట. బాబాయి, అత్తమ్మ కూడా సంతకం పెడితేనే అడ్వాన్సు అన్నారట. అక్క కూడా ఇప్పుడు "నా పది పాళ్లు నాకు రాయాలె" అంటోంది, ఐదు లక్షల మాట ఎత్తడం లేదు.

దీపావళి మరుసటి వారం అన్నయ్య మిర్యాలగూడ వెళ్లాడు, పళ్లు, చీర పట్టుకుని. అత్తమ్మకు డెబ్బై నాలుగేళ్లు. చీర తీసుకుందట. కాగితం పక్కన పెట్టిందట. "మా అమ్మ పాలు నేనెందుకు ఇడుస్త? మీ నాయిన నా పెండ్లప్పుడు ఇస్తనన్న బర్రె ఇయ్యనే లేదు" అందట. అన్నయ్య ఇది నాతో చెప్తూ నవ్వాపుకోలేకపోయాడు. ఆరేడు నెలల తర్వాత వాడి నవ్వు విన్నాను.

ఈ నెల 25న న్యాయ సేవాధికార సంస్థలో మొదటి కూర్చోబెట్టడం. అందరికీ పిలుపులు వెళ్లాయి. పొలం కూడా అందులో ఉంది.

దస్తావేజు తాత | 9 నవంబర్, 6:10

మీ అత్తమ్మకు బర్రె లెక్క కూడా కట్టమనండి, వడ్డీతో.

ఉస్మానియా బిస్కెట్ | 9 నవంబర్, 6:25

మరి మీ బాబాయి ఏమంటున్నారు?

మల్లెపందిరి | 9 నవంబర్, 6:31

ఫోన్ ఎత్తడం లేదు.